మా ఆయనకు రెండుసార్లు టీబీ మందులు వాడారు, తెమడలో మాత్రం ఏమీ లేదు. ఇది బండల పొడి వల్లేనా?

ఒంగోలు ఇల్లాలు

అందరికీ నమస్కారం. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మా ఆయనకు 36 ఏళ్లు. బండల పని. పదిహేడో ఏట చీమకుర్తి దగ్గర ఒక పాలిషింగ్ యూనిట్‌లో చేరారు. పెళ్లయ్యాక 2012లో హైదరాబాద్ వచ్చేశాం. అప్పటి నుంచి ఒక షాపు తరఫున ఇళ్లలో వంటగది ప్లాట్‌ఫాంలు కోసి బిగిస్తున్నారు. సింకుకీ స్టవ్‌కీ బండలో సందు కోయడం, అంచులు గుండ్రంగా తిప్పడం, పాలిష్ పట్టడం, అంతా చేతి మిషన్ మీదే. నాలుగేళ్లుగా గ్రానైట్ తగ్గిపోయి, ఫ్యాక్టరీలో తయారయ్యే తెల్లటి క్వార్ట్జ్ బండలు ఎక్కువయ్యాయి. వాటి పొడి మరీ మెత్తగా ఉంటుంది, మైదాపిండిలాగా.

2023 వానాకాలంలో దగ్గు పట్టుకుంది. సిరప్పులు తాగారు, తగ్గలేదు. ఛాతీ ఫొటో తీసి, పైభాగంలో మచ్చలున్నాయి, టీబీ అన్నారు. తెమడ పరీక్షలో ఏమీ రాలేదు. అయినా ఆరు నెలలు మందులు వాడాం. దగ్గు అలాగే ఉంది. పోయినేడు ఇంకో చోటికి వెళితే మళ్లీ ఫొటో, మళ్లీ టీబీ, మళ్లీ ఆరు నెలలు. ఈసారి కూడా తెమడలో ఏమీ లేదు. మందుల వేడికి ఏమీ తినలేకపోయేవారు. 64 కిలోల మనిషి 54కి వచ్చారు. అన్నం పళ్లెం, గ్లాసు వేరు పెట్టుకున్నారు. పాపను దగ్గరికి రానివ్వడం మానేశారు. అది ఏడుస్తుంటే తలుపు అవతల నిలబడి మాట్లాడేవారు.

ఇప్పుడు రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు ఆగుతున్నారు. మొన్న పాప బూటు లేసు కట్టడానికి వంగి, లేచి, గోడ పట్టుకుని నిలబడిపోయారు.

నాకు అనుమానం ఎక్కడ వచ్చిందో చెబుతాను. ఆయన పని చొక్కాలు రాత్రిపూట బకెట్‌లో నానబెడతాను. పొద్దున నీళ్లు వంపేస్తే అడుగున బూడిదరంగు ముద్ద ఉంటుంది, ముగ్గుపిండి తడిపినట్టు. ఒకరోజు ఆ ముద్ద బాత్రూం గట్టు మీద పడితే చూసుకోలేదు. రెండు రోజులకి గట్టుకు పట్టేసింది, చెంచాతో గీకాల్సి వచ్చింది. చొక్కాకి అంటినదే ఇంత ఉంటే లోపలికి పోయింది ఎంతుండాలి అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండేళ్లలో నలుగురు డాక్టర్లు చూశారు. సిగరెట్ తాగుతావా అని అడిగారు, మందు అలవాటుందా అని అడిగారు. ఏం పని చేస్తావని ఒక్కరు కూడా అడగలేదు. మేమూ చెప్పలేదు, చెప్పాలని తెలియదు.

నా ప్రశ్నలు ఇవి. ఇది నిజంగా టీబీయేనా, పొడి వల్ల వచ్చే జబ్బా? ఎక్కడ చూపించాలి? పని మానేయాలా? షాపు ఓనరు దగ్గర 40 వేలు అడ్వాన్సు తీసుకుని ఉన్నాం, పాప స్కూలు ఫీజు కట్టాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

ఊపిరి

అమ్మా, నేను ఛాతీ జబ్బుల వార్డులో పనిచేసే డాక్టర్ని. ఫొటో చూడకుండా ఫలానా జబ్బు అని చెప్పలేను. కానీ మీరు రాసినదాన్ని బట్టి సిలికోసిస్, అంటే రాతి పొడిలోని సిలికా వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, ఉందేమో చూడకుండా మూడోసారి టీబీ మందులు మొదలుపెట్టకూడదు.

గ్రానైట్‌లో సుమారు మూడో వంతు సిలికా ఉంటుంది. అసలైన పాలరాయిలో చాలా తక్కువ. ఫ్యాక్టరీలో చేసే క్వార్ట్జ్ బండలో మాత్రం నూటికి 90 పాళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే సిలికా. అందుకే వాటిని కోసేవాళ్లకు జబ్బు చిన్న వయసులోనే, తక్కువ ఏళ్ల పనికే వస్తోంది. ఆస్ట్రేలియాలో ఇలా ఎంతోమంది కుర్రాళ్లు మంచాన పడ్డాక, 2024 జులై 1 నుంచి ఆ బండల తయారీని, వాడకాన్ని ఆ దేశం నిషేధించింది.

కంటికి కనిపించే పొడిలో చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, దగ్గితే బయటికి వస్తుంది. అసలు ప్రమాదం కంటికి కనిపించనిదానితో. అది వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు, మిషన్ ఆపేశాక కూడా గంటల తరబడి గదిలో తేలుతూనే ఉంటుంది. ఊపిరితిత్తుల చివర ఉండే గాలి సంచుల దాకా వెళ్తుంది. అక్కడ కాపలా కాసే కణాలు దాన్ని మింగుతాయి కానీ అరిగించుకోలేక అవే చచ్చిపోతాయి. ఆ పొడి మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. అలా జరిగిన ప్రతిచోటా పుండు మానినట్టు గట్టి మచ్చ కడుతుంది. మెత్తగా సాగాల్సిన ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది. ఆయాసం అందువల్లే.

ఈ మచ్చలు ఎక్కువగా పైభాగంలోనే మొదలవుతాయి. టీబీ మచ్చలు కూడా తరచు అక్కడే ఉంటాయి. దగ్గు, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి డాక్టర్ బుర్రలోకి ముందు అదే వస్తుంది. అలాగని టీబీ లేదని కూడా అనుకోకండి. సిలికా చేరిన ఊపిరితిత్తికి టీబీ తేలిగ్గా అంటుకుంటుంది, కొందరికి రెండూ కలిసి ఉంటాయి. అందుకని తెమడలో టీబీ క్రిమి ఉందేమో చూసే సీబీనాట్ పరీక్ష మళ్లీ చేయించండి, తెమడలో క్రిమి పెరుగుతుందేమో చూసే కల్చర్‌కి కూడా పంపమనండి. ఛాతీ లోపల ఫొటో కన్నా వివరంగా చూపించే హెచ్ఆర్‌సీటీ స్కాన్, ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ, ఈ రెండూ కావాలి. హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది.

వెళ్లేముందు ఒక తెల్లకాగితం మీద ఆయన పని చరిత్ర రాయండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎక్కడ, ఏ రాయి, నీళ్లతో కోశారా పొడిగా కోశారా, రోజుకి ఎన్ని గంటలు. దాన్ని డాక్టర్ చేతిలో పెట్టండి, నోటితో చెప్పి ఊరుకోవద్దు. ఓపీలో రద్దీలో నోటిమాట కేస్ షీట్ మీదికి ఎక్కదు.

పొడిగా కోసే పని ఈ రోజే ఆపించండి. ఈ మచ్చలను కరిగించే మందు లేదు. పొడికి దూరమైతే ముదరడం నెమ్మదిస్తుంది, కొందరిలో మానేశాక కూడా కొంత పెరుగుతుంది. అందుకే ఒక్కో నెలకీ లెక్కుంది. సిగరెట్ ఉంటే మానాలి, ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించాలి.

ఇంకొకటి. సిలికోసిస్ అంటువ్యాధి కాదు. టీబీ అయినా గాలి ద్వారానే వస్తుంది, పళ్లెం వల్లా గ్లాసు వల్లా రాదు. కల్చర్‌లో ఏమీ లేదని తేలితే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోమనండి.

బండపని తమ్ముడు

అక్కా, మాది కరీంనగర్ దగ్గర. నేనూ పదకొండేళ్లుగా ఇదే పని. మీరు రాసిన బకెట్ సంగతి మా అమ్మకి చదివి వినిపించాను. మా ఇంట్లోనూ అంతే అంది.

మా దగ్గర అందరూ ముక్కుకి తువ్వాలు కట్టుకుంటారు. నేనూ కట్టుకునేవాణ్ని. సాయంత్రం విప్పితే తువ్వాలు లోపలివైపు, మూతి దగ్గర కూడా తెల్లగా ఉండేది. అంటే బట్టలోంచి దిగుతోందన్నమాట. డాక్టర్ గారు చెప్పింది చదివాక ఇప్పుడు అర్థమైంది. ఎన్95 పెట్టుకుంటే మేలే కానీ ఎండాకాలం, మూసిన గదిలో, ఎనిమిది గంటలు ఎవరూ ఉంచుకోలేరు. గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది.

నీళ్లే అసలు మందు. బండలు కోసే మిషన్ కొన్నప్పుడు డబ్బాలోనే సన్నటి పైపు ఒకటి వస్తుంది, బ్లేడు మీద నీళ్లు పడడానికి. మేమంతా దాన్ని మొదటిరోజే తీసి పక్కన పడేసేవాళ్లం. రెండేళ్ల కింద మా పెద్దమేస్త్రి ఆయాసంతో పని వదిలేశాక నేను ఆ పైపు వెతికి బిగించాను. అయిదు లీటర్ల క్యాను కిటికీకి కట్టి, సన్నగా ధార వదులుతాను. పొడి లేవదు, బురదగా కిందికి జారుతుంది. ఒక జాగ్రత్త, పైపు రాని మామూలు గ్రైండర్ మీద నీళ్లు పోయకండి, షాక్ కొట్టి ప్రాణం పోతుంది. ఎర్త్ సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇల్లుగలవాళ్లతోనే కష్టం. మేం వెళ్లేసరికి కింద కప్‌బోర్డులు బిగించేసి ఉంటాయి. నీళ్లు పడితే ప్లైవుడ్ ఉబ్బుతుంది, పొడిగానే కొయ్యమంటారు. ఇప్పుడు నేను కొలతలు తీసుకుని సింకు సందు, అంచులు షాపు వెనక ఖాళీ జాగాలో నీళ్లతోనే కోసి తీసుకెళ్తున్నా. ఇంటి దగ్గర అతికించడమే. ఒక ట్రిప్పు ఆటో ఖర్చు ఎక్కువవుతుంది. బేరంలోనే చెప్పేస్తున్నా, ఒప్పుకోని పని వదిలేస్తున్నా.

బావగారికి కొలతలు తీసే పని ఇమ్మని ఓనర్ని అడగండక్కా. అంత అనుభవం ఉన్నవాళ్ల కొలత తప్పదు, ఓనరుకీ అది అవసరమే.

పలకల ఊరు

మాది మార్కాపురం. మన తరం పలక పట్టుకుని అ ఆలు దిద్దిందంటే, అది మా ఊరి రాయి అయి ఉండే అవకాశం ఎక్కువ. మా నాన్న ఆ పలకలు కోసే షెడ్డులో 22 ఏళ్లు పనిచేశారు. ఆ రాతిలోనూ సిలికా ఉంది. నాన్నను కూడా టీబీ అనే అన్నారు. చివరి ఏడాది దిండు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవారు. పోయాక నష్టపరిహారం కోసం తిరిగితే మా చేతిలో ఒక్క కాగితం లేదు. ఫొటోలు పాతబడ్డాయని అమ్మ ఎప్పుడో పారేసింది. మరణ ధ్రువపత్రంలో టీబీ అని రాశారు. అక్కడితో ఆగిపోయింది.

మీకు అలా కాకూడదని రాస్తున్నాను. పాత ఛాతీ ఫొటోలు, రిపోర్టులు, చీటీలు అన్నీ ఒక కవర్లో పెట్టండి. ఓనరు ఫోన్‌పేలో వేసిన కూలీ డబ్బుల వివరాలు తీసి ప్రింటు తీయించండి. అక్కడ పనిచేశారనడానికి అదే పెద్ద సాక్ష్యం. పని జరుగుతున్నప్పుడు తీసిన వీడియోలు ఉంటే దాచండి. 1923 నాటి పరిహార చట్టంలోనే వృత్తి వ్యాధుల జాబితాలో సిలికోసిస్ ఉంది. సిలికోసిస్‌తో కలిసి వచ్చే టీబీ కూడా ఉంది. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోకీ ఆ జాబితాను తీసుకొచ్చారు. కానీ డాక్టర్ కాగితం మీద ‘సిలికోసిస్’ అనే మాట ఉంటేనే ఇదంతా పనికొస్తుంది. డాక్టర్ని గట్టిగా అడగండి, మొహమాటపడకండి.

లేబర్ ఆఫీసులో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉందా? గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసి ఉంటే, వయసు 18 నుంచి 60 మధ్య అయితే నమోదు చేస్తారు. బండలు బిగించే పని అందులోకి వస్తుంది. ఆయన పని మానేసి ఎక్కువ రోజులైతే ఆ 90 రోజుల లెక్క తప్పిపోతుంది, అందుకని ఈ వారమే వెళ్లండి. రాజస్థాన్‌లో 2019లోనే ఈ జబ్బుకి విడిగా విధానం తెచ్చి, రోగికీ కుటుంబానికీ డబ్బు ఇస్తున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటిది రావాలని నా కోరిక. మా నాన్నకి ఎలాగూ అందదు.

ఒంగోలు ఇల్లాలు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే కాగితం రాశాం. ఆయన చెబుతుంటే నేను రాశాను. 19 ఏళ్ల పని ఒకటిన్నర పేజీ వచ్చింది. చీమకుర్తిలో ఆరుగురు ఒకే షెడ్డులో ఉండేవాళ్లట, వాళ్లలో ఇద్దరు లేరని అప్పుడే నాకు చెప్పారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ ఆ కాగితం మొత్తం చదివింది. స్కాన్ తీయించారు, ఊదించారు. రెండు వైపులా చిన్నచిన్న గుండ్రటి మచ్చలున్నాయి, అది సిలికోసిస్ అని చెప్పి రాసిచ్చారు. సీబీనాట్‌లో ఈసారి కూడా టీబీ లేదు. కల్చర్‌కి పంపారు, ఆరు వారాలు పడుతుందన్నారు. అది వచ్చేదాకా టీబీ మందులు వద్దన్నారు. తగ్గదని కూడా చెప్పారు. ఆయన విని తల ఊపి, బయటికొచ్చాక నన్నే టీ తాగుతావా అని అడిగారు.

ఓనరు ముందు మాట్లాడలేదు. స్కాన్ కాగితం చూపించాక కొలతల పని ఇస్తానన్నాడు, రోజుకి 300 తగ్గిస్తాడట. అడ్వాన్సు మెల్లగా తీర్చమన్నాడు. బోర్డు కార్డుకి దరఖాస్తు పెట్టాం. కూలీ డబ్బుల వివరాలు ప్రింటు తీయించి, పాత ఫొటోలతో కలిపి బీరువాలో పెట్టాను. మార్కాపురం అన్నా, మీ మాట గుర్తొచ్చి చీటీలు కూడా ఒక్కటి పారేయలేదు.

షాపులో ఇంకో ముగ్గురు కుర్రాళ్లున్నారు, ఒకడికి 22 ఏళ్లు. వాడికీ పొడి దగ్గు ఉంది. సోమవారం ముగ్గుర్నీ ఆయనే వెంటబెట్టుకుని ఫొటో తీయించడానికి తీసుకెళ్తున్నారు. వాళ్లకీ పని చరిత్ర కాగితాలు రాసిపెట్టాను.

తమ్ముడూ, ఆ క్యాను కిటికీకి ఎలా కట్టావో, పైపు మిషన్‌కి ఎలా బిగించావో ఒక ఫొటో తీసి పెట్టగలవా? వాళ్ల మిషన్ల పైపులు డబ్బాల్లో అలాగే ఉన్నాయట.