కరెంటు పోయి వచ్చాక డెబియన్ పైకి రావట్లేదు, "ఎమర్జెన్సీ మోడ్" అంటోంది (పరిష్కారమైంది)

ప్రశ్న, ఆదివారం ఉదయం

అందరికీ నమస్కారం. ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద డెబియన్ 12 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఏడాదిన్నరగా నడుపుతున్నాను. మానిటర్ లేదు, అల్మారా పక్కన పెట్టేశాను, పనంతా ఎస్‌ఎస్‌హెచ్‌తోనే (వేరే కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీద కమాండ్లు ఇచ్చే పద్ధతి). సిస్టమ్ లోపలి 120 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. ఇంటిల్లిపాది ఫోటోలు యూఎస్‌బీకి తగిలించిన 2 టీబీ డిస్క్‌లో ఉన్నాయి.

రాత్రి గాలివానకి కరెంటు మూడు నాలుగు సార్లు పోయి వచ్చింది. పొద్దున చూస్తే ఫ్యాను తిరుగుతోంది గానీ ఎస్‌ఎస్‌హెచ్ అందట్లేదు, పింగ్‌కీ (మెషీన్ నెట్‌వర్క్‌లో ఉందో లేదో చూసే కమాండ్) జవాబు లేదు. చివరికి పెట్టెని హాల్లోకి మోసుకెళ్ళి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపాను. "ఏ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని ఒక పొడుగాటి లైను, పక్కన ఒక్కో సెకను పెరుగుతూ 1 నిమిషం 30 సెకన్ల దాకా వెళ్ళింది. ఆ తర్వాత "యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్" అని చెప్పి రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్ అడుగుతోంది.

తెలిసినాయన ఒకరు మొత్తం తుడిచేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. నాన్న పుట్టినరోజు ఫోటోలు ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు

ముందు ఆ ఇన్‌స్టాల్ ఆలోచన పక్కన పెట్టండి. మీ సిస్టమ్ పాడవలేదు. అది ఒక డిస్క్ కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి ఆగిపోయింది. ఆ 90 సెకన్లు సిస్టమ్‌డీ (బూట్‌లో అన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రాం) మామూలుగా ఇచ్చే గడువు. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్క్‌ని ఎక్కడ కలపాలో ఉండే ఫైలు) రాసిన ప్రతి డిస్క్ తప్పనిసరి అనుకుంటుంది కాబట్టి, ఒక్కటి కనపడకపోయినా నెట్‌వర్క్ దాకా కూడా వెళ్ళకుండా అక్కడే నిలబడిపోతుంది. పింగ్ అందకపోవడానికి కారణం అదే.

ఆ లైన్లో యూయూఐడీ (డిస్క్‌కి ఉండే మారని గుర్తింపు సంఖ్య) ఏదైనా కనిపించిందా? బయటి డిస్క్ లైటు వెలుగుతోందా? దానికి విడిగా అడాప్టర్ ఉందా?

అడిగినవారు

లైటు వెలగట్లేదండి! డిస్క్ అడాప్టర్ వేరే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టాను, ఆ బోర్డు ఫ్యూజు పోయినట్టుంది. ఇంకో ప్లగ్గులో పెట్టి రీబూట్ చేస్తే సిస్టమ్ పైకి వచ్చేసింది. ఫోటోలు అన్నీ ఉన్నాయి. ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

జవాబు

సంతోషం. కానీ ఇక్కడితో వదిలెయ్యకండి, వచ్చే గాలివానకి మళ్ళీ టీవీ దగ్గరికి మోసుకెళ్ళాల్సి వస్తుంది. (కమాండ్లు పలికినట్టు రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలే, వేరేగా చెప్పినచోట తప్ప.)

ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌స్టాబ్‌ని ముందు ఒక కాపీ తీసుకుని, తర్వాత తెరవండి. బయటి డిస్క్ లైన్లో "డిఫాల్ట్స్" పక్కన కామా పెట్టి, ఖాళీ వదలకుండా "నోఫెయిల్" చేర్చండి. దాని పక్కన ఇంకో కామా పెట్టి "ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్" కూడా రాయండి. డిస్క్ దొరక్కపోతే పది సెకన్లు చూసి ముందుకెళ్ళిపోతుంది. లైను మొదట్లో ఎస్‌డీబీ1 లాంటి పేరుంటే తీసేసి "యూయూఐడీ=" అని (ఇది పెద్దక్షరాల్లో) రాసి ఆ సంఖ్య పెట్టండి. ఈ పూట ఎస్‌డీబీ అయినది రేపు పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే ఎస్‌డీసీ కావచ్చు. యూయూఐడీ కావాలంటే "ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" కొట్టండి.

సేవ్ చేశాక "ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై" నడపండి, అక్షర దోషాలు చెప్పేస్తుంది. ఆ తర్వాత "సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్". సిస్టమ్‌డీ ఎఫ్‌స్టాబ్‌ని చదివి తనకంటూ యూనిట్లు (చెయ్యాల్సిన పనుల వివరాలు) తయారు చేసుకుంటుంది, రీలోడ్ చెయ్యకపోతే పాతవే పట్టుకుని ఉంటుంది.

ఇంకొకరు

ఈ చర్చ తర్వాత చదివేవాళ్ళ కోసం ఒక మాట. ఇన్‌స్టాల్ అప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసి సూడోతో (మామూలు యూజరే రూట్ అధికారంతో కమాండ్ ఇచ్చే పద్ధతి) నడుపుకునేవాళ్ళకి ఎమర్జెన్సీ మోడ్ లోపలికి రానివ్వదు, "రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్" అంటుంది. అప్పుడు గ్రబ్ మెనూలో (బూట్ మొదట్లో కనిపించే జాబితా) ఇంగ్లీషు అక్షరం "ఈ" నొక్కి, "లినక్స్" అని మొదలయ్యే లైను చివర "ఇనిట్=/బిన్/బాష్" చేర్చి కంట్రోల్-ఎక్స్ నొక్కండి. షెల్ (కమాండ్లు కొట్టే చోటు) వచ్చాక "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /" కొడితే ఎఫ్‌స్టాబ్ దిద్దుకోవచ్చు. "సింక్" చేసి "రీబూట్ -ఎఫ్". నేరుగా లినక్స్ బూట్ అయ్యే లైవ్ పెన్‌డ్రైవ్ ఉంటే ఇంకా సుఖం.

అడిగినవారు, పన్నెండు రోజుల తర్వాత

మళ్ళీ మీ దగ్గరికే వచ్చాను, క్షమించండి. నోఫెయిల్ పెట్టాక రీబూట్లు బాగానే అయ్యాయి. ఈరోజు ఏ ఫైలూ సేవ్ అవ్వట్లేదు, "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్". "డీఎఫ్ -హెచ్" కొడితే ఎస్‌ఎస్‌డీ 109 జీబీలో 103 వాడేసినట్టు, మిగిలింది సున్నా అని చూపిస్తోంది. కానీ ఫైళ్ళ సైజులు కూడే "డీయూ -ఎక్స్‌ఎస్‌హెచ్ /" తో లెక్కేస్తే 17 జీబీయే! మిగతా 86 జీబీ ఏమైనట్టు? లాగులు చూశాను, 300 ఎంబీ కూడా లేవు. డిలీట్ చేసినా ఏదో ప్రోగ్రాం పట్టుకుని ఉన్న ఫైళ్ళేమో అని "ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1" (ప్లస్ పక్కన ఎల్ పెద్దక్షరం) కూడా కొట్టాను, పెద్దవేవీ లేవు.

జవాబు

క్షమించాల్సింది మీరు. ఆ రోజు నేను సగమే చెప్పాను.

రెండు ప్రశ్నలు. రాత్రిపూట ఆ ఫోటోల ఫోల్డర్‌లోకి ఏదైనా కాపీ అవుతుందా? ఈ పన్నెండు రోజుల్లో డిస్క్ లేకుండా ఒక్కసారైనా బూట్ అయిందా?

అడిగినవారు

అవునండి. రాత్రి 2 గంటలకి నాన్న లాప్‌టాప్ నుంచి ఆర్‌సింక్ (కొత్తవీ మారినవీ మాత్రమే కాపీ చేసే ప్రోగ్రాం) నడుస్తుంది, నా యూజర్ క్రాన్‌లో (చెప్పిన వేళకి పనులు నడిపే ఏర్పాటు) పెట్టాను. గురువారం కరెంటు పోయినప్పుడు డిస్క్ అడాప్టర్ ఊడి ఉంది, శుక్రవారం సాయంత్రం చూసి పెట్టి రీబూట్ చేశాను.

జవాబు

దొరికింది. గురువారం రాత్రి డిస్క్ లేదు గానీ, దాన్ని కలిపే /ఎస్‌ఆర్‌వీ/ఫోటోస్ అనే ఫోల్డర్ ఎస్‌ఎస్‌డీ మీద ఖాళీగా ఉంది. ఆర్‌సింక్‌కి అది డిస్కో కాదో తెలియదు. ఖాళీగా కనపడేసరికి లాప్‌టాప్‌లో ఉన్నదంతా మొదటి నుంచీ కాపీ చెయ్యడం మొదలుపెట్టి, ఎస్‌ఎస్‌డీ నిండేదాకా పోసింది. మర్నాడు మీరు డిస్క్ పెట్టగానే అది ఆ ఫోల్డర్ మీద మౌంట్ అయింది, అంటే ఫోల్డర్ తెరిస్తే డిస్కే కనపడుతుంది. నేల మీద బియ్యం పోసి ఉండగానే పైన చాప పరిచినట్టు. డీయూకి చాప మీదున్నదే కనపడుతుంది, కింద బియ్యం కనపడవు. డీఎఫ్ మాత్రం గది మొత్తం లెక్క చెబుతుంది.

చాప కింద చూడాలంటే (మొదటి కమాండ్ ఎస్‌ఎస్‌డీని /ఎంఎన్‌టీ దగ్గర విడిగా చూపిస్తుంది): "మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ", ఆపైన "డీయూ -ఎస్‌హెచ్ /ఎంఎన్‌టీ/ఎస్‌ఆర్‌వీ/ఫోటోస్".

వెంటనే తీసెయ్యకండి. గురువారం రాత్రి వచ్చినవాటిలో డిస్క్ మీద లేని ఫోటో ఒక్కటైనా ఉండొచ్చు. ముందు ఆ చోటు నుంచి డిస్క్ వైపు "ఆర్‌సింక్ -ఏవీఎన్" నడపండి. ఎన్ ఉంటే కాపీ చెయ్యదు, ఏమేం కాపీ అవుతాయో జాబితా ఇస్తుంది. రెండు దారుల చివరా స్లాష్ మర్చిపోవద్దు. కొత్తవి ఉంటే ఎన్ తీసి కాపీ చేసుకుని, అప్పుడు తుడవండి.

అడిగినవారు

86 జీబీ అక్కడే ఉందండి. జాబితాలో 41 ఫోటోలు వచ్చాయి, డిస్క్ మీద లేనివి! నాన్న శుక్రవారం పొద్దున లాప్‌టాప్‌లో చోటు కోసం తీసేసిన ఫోల్డరట. మీరు ఆగమనకపోతే రెండు చోట్లా పోయేవి. కాపీ చేసి, తెరిచి చూసి, తర్వాతే తుడిచాను. డీఎఫ్ ఇప్పుడు 17 చూపిస్తోంది.

ఒక సందేహం: 109లో 103 వాడితే 6 మిగలాలి కదా, సున్నా ఎందుకు చూపించింది?

జవాబు

ఈఎక్స్‌టీ4 (మీ ఎస్‌ఎస్‌డీ మీద ఫైళ్ళు అమర్చే పద్ధతి) మామూలుగా 5 శాతం రూట్ కోసం అట్టే పెడుతుంది. క్రాన్ మీ యూజర్ పేరు మీద నడిచింది కాబట్టి ఆ గీత దగ్గర ఆగింది. రూట్ క్రాన్ అయి ఉంటే అదీ ఊడ్చేసేది. ఎస్‌ఎస్‌డీ మీద దాన్ని అలాగే ఉంచండి.

అసలు మీ యూజర్ అక్కడ రాయగలగడమే నాకు ఆశ్చర్యం. డిస్క్ మౌంట్ చెయ్యకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కి చౌన్ చేసి (మీ పేరు మీదకి మార్చి) ఉంటారు, అవునా?

అడిగినవారు

అవును, మొదటిరోజే చేశాను. ఎర్రర్ వస్తుంటే ఎక్కడో చదివి చేశాను.

జవాబు

అదే దారి తెరిచింది. ఇప్పుడు డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి, బైండ్ మౌంట్ కూడా తీసేసి, ఖాళీ ఫోల్డర్‌ని తిరిగి రూట్ పేరు మీదకి మార్చండి. తర్వాత "సీహెచ్ఏటీటీఆర్ +ఐ /ఎస్‌ఆర్‌వీ/ఫోటోస్". అప్పుడు డిస్క్ లేని రాత్రి రూట్ కూడా అందులో ఏమీ పెట్టలేడు, "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" వస్తుంది. దాని మీద డిస్క్ మాత్రం మామూలుగానే మౌంట్ అవుతుంది.

రాత్రి నడిచే స్క్రిప్టులో ఆర్‌సింక్ లైనుకి ముందు "మౌంట్‌పాయింట్ -క్యూ /ఎస్‌ఆర్‌వీ/ఫోటోస్ || ఎగ్జిట్ 1" అని ఒక్క లైను పెట్టండి, డిస్క్ లేకపోతే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. ఆ ఫోల్డర్ నుంచి ఇంకెక్కడికైనా "--డిలీట్" తో కాపీ నడుపుతుంటే ఈ లైను లేకుండా ఒక్క రాత్రి కూడా ఉంచకండి. మూలం ఖాళీగా కనపడిన రోజున అవతలి కాపీని మొత్తం తుడిచేస్తుంది.

అడిగినవారు

రెండూ చేశాను. కావాలనే డిస్క్ తీసేసి రీబూట్ చేసి, స్క్రిప్టు చేత్తో నడిపాను. ఏమీ కాపీ చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది. డిస్క్ అడాప్టర్‌ని కూడా ఇన్వర్టర్ లైనుకి మార్పించాను.