ఆగస్టు రాగానే తప్పుతున్న బాష్ ఇఫ్ షరతు

గుణుపురం, రాయగడ జిల్లా:
నమస్కారం. వంశధార ఒడ్డున మేము పెట్టుకున్న వర్షమాపకం కొలతలను రోజూ ఒక ఫైల్‌లో చేర్చే బాష్ (లినక్స్ ఆదేశాలను నడిపే షెల్) స్క్రిప్టు, ఆదేశాలను నిర్ణీత వేళకు నడిపే క్రాన్ ద్వారా నడుస్తోంది. డేట్ ఆదేశం ఇచ్చే రెండంకెల నెల సంఖ్య 6కు తగ్గకుండా, 9కి మించకుండా ఉంటే వరుస చివర "నైరుతి" అని, లేకుంటే "ఇతర" అని రాయాలి. షరతు జంట చదరపు బ్రాకెట్లలో, -జీఈ (తగ్గకుండా), -ఎల్ఈ (మించకుండా) పోలికలతో ఉంది. జూన్, జూలైలలో సరిగ్గా పనిచేసిన స్క్రిప్టు, ఒక్క అక్షరం మార్చకపోయినా, ఆగస్టు 1 నుంచి "ఇతర" అని రాస్తోంది. కారణం ఏమై ఉంటుందో దయచేసి చెప్పగలరు.

పర్లాకిమిడి:
బ్రాకెట్ల పక్కన ఖాళీ లేకపోయినా, జంట బ్రాకెట్లు తెలియని డాష్ అనే మరో షెల్‌తో నడిపినా, జూన్‌లోనే తప్పేది. క్రాన్ పంక్తిలో దోష సందేశాలను, వచ్చినదంతా పారేసే డెవ్‌నల్‌కు మళ్లించి ఉంటారు. టెర్మినల్‌లో, ప్రతి ఆదేశాన్నీ చూపుతూ నడిపే బాష్ -ఎక్స్‌తో నడిపి చూడండి.

గుణుపురం:
మళ్లించిన మాట నిజమేనండి. ఇప్పుడు చూస్తే, 08 అనే విలువ ఆధారానికి మించి ఉందని సందేశం వస్తోంది.

బరంపురం:
జంట బ్రాకెట్లలోని పోలికల్లో, సున్నాతో మొదలయ్యే సంఖ్యను బాష్ 8 ఆధారంగా గల ఆక్టల్ సంఖ్యగా చదువుతుంది. ఆక్టల్‌లో 7కు మించిన అంకె లేదు కనుక 06, 07 గడిచిపోయి, 08 దగ్గర దోషం వచ్చింది. అయినా స్క్రిప్టు ఆగకుండా, ఆ షరతు నెగ్గలేదన్న లెక్కన ఎల్స్ ("లేకుంటే") భాగంలోకి వెళ్లింది. సెప్టెంబరులోనూ ఇదే జరుగుతుంది. అక్టోబరులో సంఖ్య 10, రాయవలసినది ఎలాగూ "ఇతర", కాబట్టి అప్పటిదాకా చూడకపోతే ఈ లోపం మీ కంటపడేదే కాదు.

వేరియబుల్‌ను 10#$నెల అన్న తీరులో రాస్తే బాష్ దానిని 10 ఆధారంగానే చదువుతుంది. డాలర్ గుర్తు తప్పనిసరి. జీఎన్‌యూ డేట్ అయితే శాతం గుర్తుకూ ఎం అక్షరానికీ మధ్య అడ్డగీత పెట్టి, సున్నా లేని 8నే తెచ్చుకోవచ్చు. బాష్‌లో ఒంటి బ్రాకెట్ 08ని ఎనిమిదిగానే తీసుకుంటుంది కానీ, దాని లోపల రెండు షరతులను కలిపే && చెల్లదు కనుక రెండు పోలికలనూ విడివిడి బ్రాకెట్లలో రాయాలి. నా మొగ్గు 10# వైపే, ఎందుకంటే తర్వాత చదివేవారికి ఉద్దేశం అక్కడే కనిపిస్తుంది.

పర్లాకిమిడి:
వర్షపాతాన్ని కూడా మూడంకెల్లో నమోదు చేస్తున్నట్లయితే అది ఇంతకంటే ప్రమాదకరం. 08కి కనీసం సందేశం వస్తుంది. 010 మిల్లీమీటర్లను కూడబోతే బాష్ చప్పుడు చేయకుండా 8గా, 012ను 10గా లెక్కిస్తుంది. అక్కడ కూడా 10# చేర్చండి. కొలతల్లో దశాంశ బిందువు ఉంటే మాత్రం బాష్ గణితం పనికిరాదు, ఆ కూడికను దశాంశాలను లెక్కించగల ఆక్ అనే సాధనానికి అప్పగించాలి.