లివర్‌పూల్ ఏప్రిల్‌లోనే ముగించేసింది, మరి 2024-25 ఇంగ్లండ్ సీజన్‌లో టెన్షన్ ఎక్కడుంది?

ఎంవీపీ లెఫ్ట్‌బ్యాక్:

అందరికీ నమస్తే. ఎంవీపీ కాలనీలో మాదొక బ్యాచ్, వీకెండ్ వస్తే ఎవరో ఒకరి ఇంట్లో చేరి ప్రీమియర్ లీగ్ చూస్తాం. ఈ మధ్య అయిపోయిన సీజన్లు ఒక్కొక్కటే తీసి వాదించుకుంటున్నాం, 2024-25 దగ్గర ఆగిపోయాం. నా లెక్కలో అది చప్పటి సీజన్. ఏప్రిల్ 27న ఆన్‌ఫీల్డ్‌లో టాటెన్‌హామ్‌ని 5-1తో కొట్టి లివర్‌పూల్ టైటిల్ ఖాయం చేసుకుంది, అప్పటికింకా నాలుగు మ్యాచ్‌లు మిగిలే ఉన్నాయి. సలా 29 గోల్స్ కొట్టి 18 చేయించాడు, అద్భుతమే, కాదనను. కానీ కింద చూడండి. సౌతాంప్టన్ ఏప్రిల్ 6నే కింది డివిజన్‌కి దిగిపోయింది, ఏడు మ్యాచ్‌లు ఉండగానే, ప్రీమియర్ లీగ్‌లో అంత ముందుగా ఏ జట్టూ దిగలేదు. లెస్టర్, ఇప్స్‌విచ్ కూడా ఆ నెలలోనే. మాంచెస్టర్ యునైటెడ్ 15వ స్థానం, టాటెన్‌హామ్ 17వ స్థానం, మామూలుగా అయితే అక్కడున్నవాళ్లకి నిద్ర పట్టకూడదు, కానీ దిగే ముగ్గురూ ముందే తేలిపోవడంతో వీళ్లకి భయమే లేకుండా పోయింది, పైగా ఇద్దరూ యూరోపా లీగ్ ఫైనల్ ఆడారు.

మా బ్యాచ్‌లో ఒకడు మాత్రం "ఆ ఏడాది అసలు ఆటంతా కింది డివిజన్లలో జరిగింది, నువ్వు చూడలేదు అంతే" అంటాడు. చాంపియన్‌షిప్ అనే పేరు విన్నాను, దాని కింద ఏముందో, ఎవరు ఎలా పైకొస్తారో సరిగ్గా తెలియదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. వైజాగ్‌లో కూర్చుని అవి ఫాలో అవ్వడంలో అర్థం ఉందా?


సీతమ్మధార 92:

మీ ఫ్రెండ్ చెప్పింది నిజం. ముందు లెక్క చెప్తాను. పైన ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 24. మొత్తం 92. ప్రీమియర్ లీగ్ నుంచి ముగ్గురు దిగుతారు, చాంపియన్‌షిప్ నుంచి ముగ్గురు, లీగ్ వన్ నుంచి నలుగురు, లీగ్ టూ నుంచి ఇద్దరు. ఆ ఇద్దరూ పడేది నేషనల్ లీగ్‌లో, అది ఐదో మెట్టు. ప్రతిచోటా దిగినంత మందే కింది నుంచి ఎక్కుతారు.

ఇక 2024-25. చాంపియన్‌షిప్‌లో లీడ్స్, బర్న్‌లీ రెండూ 100 పాయింట్లు తెచ్చుకున్నాయి. రెండూ వంద! గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌కీ ఇచ్చిన గోల్స్‌కీ తేడా) మీద లీడ్స్ చాంపియన్, అది కూడా చివరి రోజు ప్లిమత్‌లో ఆఖరి నిమిషాల్లో లీడ్స్ ఆటగాడు సాలమన్ కొట్టిన గోల్‌తో. బర్న్‌లీ అయితే 46 మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 16. కొంతమంది బర్న్‌లీ ఆట బోరు అంటారు గానీ నేను ఒప్పుకోను, అన్ని నెలల పాటు ఒక్క తప్పు లేకుండా డిఫెన్స్ నడపడం కూడా చూడాల్సిన ఆటే.

అదే డివిజన్ అడుగున లూటన్ సంగతి చూడండి. 2023-24లో ప్రీమియర్ లీగ్ ఆడిన జట్టు, ఆ సీజన్ చివర దిగింది, మళ్లీ ఏడాది తిరక్కుండానే ఇంకో మెట్టు దిగి లీగ్ వన్‌లో పడింది. చివరి రోజు వెస్ట్ బ్రామ్ మీద 5-3తో ఓడింది. హల్‌కీ 49 పాయింట్లే, లూటన్‌కీ 49 పాయింట్లే, గోల్ డిఫరెన్స్‌తో హల్ మిగిలింది. వాళ్ల పైన డెర్బీ, ప్రెస్టన్ 50 దగ్గర. ఆ మధ్యాహ్నం (మనకి సాయంత్రం) నేను ఫోన్‌లో మూడు మ్యాచ్‌ల స్కోర్లు ఒకేసారి పెట్టుకుని కూర్చున్నాను, ఇంట్లోవాళ్లు పిలిచినా వినపడలేదు. మీకు కావలసిన టెన్షన్ అక్కడుంది.

లీగ్ వన్‌లో బర్మింగ్‌హామ్ 111 పాయింట్లు, ఆ డివిజన్ రికార్డు. కానీ వాళ్లు అక్కడ ఎవరికీ అందనంత ఖర్చు పెట్టారు కాబట్టి నాకు పెద్ద ఆశ్చర్యం లేదు. రెండో స్థానంలో రెక్సమ్, 92 పాయింట్లు. నేషనల్ లీగ్ నుంచి 2023లో, లీగ్ టూ నుంచి 2024లో, లీగ్ వన్ నుంచి 2025లో, వరసగా మూడుసార్లు పైకి. ఇంగ్లండ్ మొదటి ఐదు మెట్లలో ఇంతకుముందు ఎవరూ చేయని పని. ఓనర్లు సినిమావాళ్లు కాబట్టి డబ్బుతో కొనుక్కున్నారు అనేవాళ్లు ఉన్నారు, డబ్బు సాయపడింది నిజమే, కానీ డబ్బున్న క్లబ్బులన్నీ ఎక్కడం లేదుగా.


రైల్వే గ్రౌండ్ రైట్ వింగ్:

పైనేమీ లేదు అంటే మాత్రం నేను ఒప్పుకోను గురూ. మే 25న చివరి రోజు యూరప్ పెద్ద క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో చోటు కోసం ఐదు జట్లు కొట్టుకున్నాయి, ఆ ఏడాది ఇంగ్లండ్‌కి ఐదో చోటు కూడా దొరికింది కదా. న్యూకాసిల్ సొంత గ్రౌండ్‌లో ఎవర్టన్ మీద ఓడిపోయి కూడా ఐదోస్థానంలో నిలిచింది, ఎందుకంటే అదే టైంకి ఆస్టన్ విల్లా మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో 2-0తో ఓడింది. ఇద్దరికీ 66 పాయింట్లు, గోల్ డిఫరెన్స్ తేడా. విల్లా ఆటగాడు మోర్గాన్ రోజర్స్ బంతి నెట్‌లో వేశాడు, రెఫరీ అప్పటికే విజిల్ ఊదేశాడు, వీఏఆర్‌కి (వీడియో రెఫరీకి) చూసే అవకాశం కూడా లేకుండా పోయింది. నేను విల్లా ఫ్యాన్‌ని. అది ఇప్పటికీ మింగుడు పడదు.

పైగా పెద్ద జట్లే కప్పులన్నీ పంచుకోలేదు ఆ ఏడాది. ఎఫ్‌ఏ కప్ క్రిస్టల్ ప్యాలెస్‌ది, లీగ్ కప్ న్యూకాసిల్‌ది, యూరోపా లీగ్ 17వ స్థానంలో ఉన్న టాటెన్‌హామ్‌ది. చప్పటి సీజన్ అని ఎలా అంటారు?

నన్ను భయపెట్టేది వేరే. 2023-24లో పైకొచ్చిన లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ ముగ్గురూ అదే ఏడాది దిగిపోయారు. 2024-25లో పైకొచ్చిన లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్ ముగ్గురూ అంతే. వరసగా రెండేళ్లు. మొదటి మెట్టుకీ రెండో మెట్టుకీ మధ్య దూరం అంత పెరిగింది. టీవీ డబ్బు పైన అంత ఉంటే కింద అందులో చిన్న భాగం, దిగినవాళ్లకి కొన్నేళ్లు పారాచూట్ డబ్బు ఇస్తారు, దాంతో వాళ్లే మళ్లీ ఎక్కుతారు, మళ్లీ దిగుతారు. ఇది సరిచేయకపోతే ప్రమోషన్‌కి విలువ తగ్గిపోతుంది.


ఎంవీపీ లెఫ్ట్‌బ్యాక్:

ఇద్దరికీ థాంక్స్. ఎఫ్‌ఏ కప్ విషయం నిజమే, ప్యాలెస్ గెలిచిన రోజు మేమందరం అరిచాం. ఒక డౌట్. ప్లేఆఫ్స్ అని కూడా విన్నాను, ఆ ఏడాది చాంపియన్‌షిప్‌లో మూడు నుంచి ఆరు దాకా ఉన్న జట్లు పైకెళ్లే చివరి చోటు కోసం ఆడిన నాకౌట్, అంటే 46 మ్యాచ్‌లు ఆడి మూడో స్థానం తెచ్చుకున్నవాడు ఆరో స్థానంవాడి మీద ఓడితే మొత్తం పోయినట్టేనా? అది న్యాయమేనా?


సీతమ్మధార 92:

పోయినట్టే. న్యాయమా అంటే, షెఫీల్డ్ యునైటెడ్ ఫ్యాన్‌ని అడిగితే ఒకటి చెప్తాడు, సండర్లాండ్ ఫ్యాన్‌ని అడిగితే ఇంకోటి.

షెఫీల్డ్ యునైటెడ్‌కి 90 పాయింట్లు, అదీ రెండు పాయింట్లు కోత పడ్డాక. మూడో స్థానం. సండర్లాండ్ నాలుగో స్థానం, 76 పాయింట్లు, సీజన్ చివర వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడి ప్లేఆఫ్స్‌కి వచ్చారు. సెమీఫైనల్లో కొవెంట్రీ మీద ఎక్స్‌ట్రా టైం 122వ నిమిషంలో డాన్ బాలార్డ్ తలతో కొట్టి గెలిపించాడు, లేకపోతే పెనాల్టీలే. మే 24న వెంబ్లీలో ఫైనల్. షెఫీల్డ్ ముందు గోల్ కొట్టింది, రెండోది కూడా కొట్టింది కానీ ఆఫ్‌సైడ్ అని వీఏఆర్ తీసేసింది. 76వ నిమిషంలో సండర్లాండ్ తరఫున మయెండా సమం చేశాడు. 95వ నిమిషంలో టామీ వాట్సన్, 19 ఏళ్ల కుర్రాడు, సండర్లాండ్ అకాడమీలోనే పెరిగినవాడు, అప్పటికే బ్రైటన్‌తో ఒప్పందం అయిపోయింది, అంటే ఈ క్లబ్‌కి అదే చివరి మ్యాచ్, దూరం నుంచి కాలి లోపలి అంచుతో మూలకి పంపాడు. 2-1. ఎనిమిదేళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్. మధ్యలో నాలుగేళ్లు లీగ్ వన్‌లో కూడా గడిపిన క్లబ్ అది.

ఇక లీగ్ టూలో వాల్సాల్ గురించి చెప్పకపోతే ఈ సీజన్ గురించి చెప్పినట్టే కాదు. జనవరిలో 12 పాయింట్ల ఆధిక్యంతో టాప్‌లో ఉన్నారు. నేథన్ లో అనే స్ట్రైకర్ స్టోక్ నుంచి అప్పుగా వచ్చి గోల్స్ మీద గోల్స్ కొడుతుంటే, జనవరిలోనే స్టోక్ వెనక్కి పిలిపించుకుంది. అక్కడి నుంచి జట్టు కుంగిపోయింది, వారాల తరబడి గెలుపే లేదు. చివరి రోజుకి ఎలాగోలా నిలబడి క్రూలో 1-0తో గెలిచారు, ఆ క్షణానికి వాళ్లే పైకి వెళ్తున్నారు. అటు బ్రాడ్‌ఫర్డ్ సొంత గ్రౌండ్‌లో ఫ్లీట్‌వుడ్ మీద 0-0. 96వ నిమిషంలో ఒక షాట్ బ్రాడ్‌ఫర్డ్ ఆటగాడు సార్సెవిచ్‌కి తగిలి దారి మళ్లి లోపలికి వెళ్లింది. ఒక్క గోల్‌తో బ్రాడ్‌ఫర్డ్ పైకి, వాల్సాల్ ప్లేఆఫ్స్‌కి. అక్కడ ఫైనల్ దాకా వెళ్లి వింబుల్డన్ మీద 1-0తో ఓడారు.

ఐదో మెట్టులో మాత్రం నాకు నిజంగా అన్యాయం కనిపిస్తుంది. పైన ముగ్గురు, నలుగురు ఎక్కుతుంటే నేషనల్ లీగ్ నుంచి ఇద్దరే. చాంపియన్ బార్నెట్ నేరుగా వెళ్లింది. యార్క్ 96 పాయింట్లతో రెండో స్థానం, సెమీస్‌లో ఓల్డమ్ మీద 3-0తో ఓడి అక్కడే ఉండిపోయింది. ఓల్డమ్ తెచ్చుకున్నది 73 పాయింట్లు, యార్క్ కంటే 23 తక్కువ, ఫైనల్లో సౌతెండ్‌ని ఎక్స్‌ట్రా టైంలో 3-2తో కొట్టి వెళ్లిపోయింది. ఓల్డమ్ మీద నాకు కోపం లేదు, 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు ఉన్న క్లబ్ అది, నాన్‌లీగ్ (ఆ 92 జట్ల కింది మెట్లు) దాకా పడి లేచింది. కానీ అక్కడి నుంచి ముగ్గుర్ని పైకి పంపాలని ఆ క్లబ్బులు అడుగుతున్నది న్యాయమైన మాట. అడుగున కార్లైల్ 2023లో లీగ్ వన్‌కి ఎక్కి, 2024లో దిగి, 2025లో నేషనల్ లీగ్‌లో పడింది. పడటానికి అంత తేలికగా ఉన్నప్పుడు ఎక్కడానికి కూడా దారి ఉండాలి.


ఉక్కునగరం సీనియర్:

తమ్ముళ్లూ, చదువుతుంటే సంతోషంగా ఉంది. వైజాగ్‌లో కూర్చుని ఇవి ఫాలో అవ్వడంలో అర్థం ఉందా అని అడిగాడు కదా లెఫ్ట్‌బ్యాక్, దానికి నేను చెప్తాను.

పైన వింబుల్డన్ పేరు ఒక్క లైన్‌లో వెళ్లిపోయింది. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచిన వింబుల్డన్ క్లబ్‌ని 2002లో దాదాపు 90 కిలోమీటర్ల అవతల ఉన్న మిల్టన్ కీన్స్‌కి తరలించుకోవడానికి అనుమతి ఇచ్చేశారు. ఫ్యాన్స్ ఒప్పుకోలేదు. మైదానంలో సెలక్షన్ ట్రయల్స్ పెట్టి ఆటగాళ్లని ఎంచుకుని ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్ పెట్టుకున్నారు, తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2024 సెప్టెంబర్‌లో వరదకి వాళ్ల పిచ్ కుంగిపోయింది, న్యూకాసిల్‌తో కప్ మ్యాచ్ అక్కడ ఆడలేకపోయారు. ఆ సీజన్‌లోనే ప్లేఆఫ్ గెలిచి లీగ్ వన్‌కి ఎక్కారు. తరలిపోయిన క్లబ్ వారసులు ఎంకే డాన్స్ లీగ్ టూలో 19వ స్థానం. ఇదంతా ఎందుకు జరిగింది? కింద నుంచి పైకి దారి తెరిచి ఉంది కాబట్టి. ఎవరైనా క్లబ్ పెట్టి, గెలుచుకుంటూ పోతే ఏదో ఒక రోజు పైకి చేరతారు.

ఇప్పుడు మన ఊరి సంగతి. 2020లో కొత్త క్లబ్బుల కోసం ఏఐఎఫ్‌ఎఫ్ (భారత ఫుట్‌బాల్ సమాఖ్య) బిడ్లు పిలిచినప్పుడు శ్రీనిధి అనే క్లబ్‌కి చోటు దొరికింది విశాఖపట్నం పేరు మీద. ఎంతమందికి గుర్తుంది? 2021-22లో ఐ-లీగ్‌లోకి (మన దేశంలో పై లీగ్ కింద ఉన్న లీగ్) దిగి మొదటి ఏడాదే మూడో స్థానం, తర్వాత 2022-23, 2023-24 రెండుసార్లూ రెండో స్థానం. కానీ సొంత మ్యాచ్‌లు మాత్రం హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ అరీనాలో. మనం చూడాలంటే రాత్రి గోదావరి ఎక్కి దాదాపు ఏడు వందల కిలోమీటర్లు వెళ్లాలి. నేవీ, రైల్వే, పోర్ట్, స్టీల్ ప్లాంట్, ఇన్ని సంస్థలున్న ఊరు, పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చే పిల్లలున్న ఊరు. ఒక్క సీజనైనా ఇక్కడ ఆడి ఉంటే ఈ ఊరి పిల్లలకి ఎంత తేడా ఉండేదో.

ఇంకో మాట. రెండో స్థానం వస్తే ఇంగ్లండ్‌లో లీగ్ టూ దాకా ఎక్కడైనా నేరుగా పైకి పోతారు. మన దగ్గర ఐ-లీగ్ చాంపియన్ ఒక్కడికే పై లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) తలుపు తెరిచారు, అదీ 2022-23 నుంచే, పంజాబ్ ముందు వెళ్లింది, తర్వాత మొహమ్మడన్. 2024-25 దాకా ఐఎస్ఎల్ నుంచి కిందికి మాత్రం ఎవరూ రాలేదు. 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున ఉన్నా అదే లీగ్‌లో కొనసాగింది, అదే ఏడాది కింద శ్రీనిధి రెండో స్థానంలో ఉండి ఎక్కలేకపోయింది. 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన ఆ హైదరాబాద్ క్లబ్ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. తెలుగువాళ్లకి పై లీగ్‌లో ఉన్న ఒక్క జట్టూ అలా పోయింది. అందుకే లూటన్ దిగడం, వింబుల్డన్ ఎక్కడం మనం చూడాలి. అలాంటి దారి మనకి కూడా కావాలని అడగాలంటే అది ఎలా పనిచేస్తుందో తెలిసుండాలి కదా.


రైల్వే గ్రౌండ్ రైట్ వింగ్:

అన్నా, వైజాగ్ పేరు మీద వచ్చిందని నాకు తెలియనే తెలియదు. జట్టుని హైదరాబాద్ జట్టుగానే అనుకుంటూ వచ్చాను.

కాకపోతే ఒకటి. ఐఎస్ఎల్‌లో రెలిగేషన్ (కిందికి దింపడం) పెడితే డబ్బు పెట్టినవాళ్లు పారిపోతారని క్లబ్బుల వాదన. ఇక్కడ టికెట్ల మీద, టీవీ మీద వచ్చేది తక్కువ, ఒక మెట్టు దిగితే స్పాన్సర్ ఉండడు. అది కూడా ఆలోచించాలి.


ఉక్కునగరం సీనియర్:

ఆలోచించాల్సిందే. కానీ దిగే భయం లేకపోయినా హైదరాబాద్ క్లబ్ నిలబడలేదు కదా. చివరి ఏళ్లలో జీతాల గొడవలే. దిగినవాళ్లకి రెండేళ్లు కొంత డబ్బు ఇచ్చే పద్ధతి ఇక్కడా పెట్టొచ్చు, ముందు కింది లీగ్‌ని టీవీలో సరిగ్గా చూపించాలి.


ఎంవీపీ లెఫ్ట్‌బ్యాక్:

మా బ్యాచ్‌కి ఈ థ్రెడ్ పంపాను. కింది డివిజన్ల గురించి చెప్పిన మావాడే గెలిచాడు, చప్పటి సీజన్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, కనీసం చాంపియన్‌షిప్, లీగ్ టూ వరకు. ఎక్కడ మొదలుపెట్టాలి, అన్ని డివిజన్లూ ఫాలో అవ్వడం మా వల్ల కాదు.


సీతమ్మధార 92:

ఒక్క క్లబ్‌ని పట్టుకోండి, పెద్ద పేరు వద్దు. శనివారం మ్యాచ్‌లు వాళ్ల టైం మూడింటికి, మనకి ఎండాకాలంలో రాత్రి ఏడున్నర, నవంబర్ నుంచి మార్చి దాకా ఎనిమిదిన్నర, భోజనాల వేళకి అయిపోతాయి. వారం మధ్యలోవి అర్ధరాత్రి దాటాక, వాటికి పొద్దున్నే టేబుల్ చూసుకుంటే చాలు. ఏప్రిల్ వచ్చాక మాత్రం పై నాలుగు చోట్లు, కింది నాలుగు చోట్లు, మిగిలిన మ్యాచ్‌లు కాగితం మీద రాసుకోండి. నేను వాల్సాల్‌ని పట్టుకున్నాను.