మిత్తి లేని చేబదులుకు కాగితం ఎట్ల రాసుకోవాలె?

పర్కాల_మిర్చి:
నమస్తే. మిర్చి ఏరుడు కూలీలకు, మందులకు 2 లక్షలు చేబదులు కావాలె. పక్కింటాయన ఇస్తనన్నడు. ముస్లింలు వాళ్లు, మిత్తి అసలే వద్దన్నడు. కానీ కాగితం రాసుకుందాం, ఇద్దరు సాక్షులు ఉండాలె అంటున్నడు. మిత్తే లేనప్పుడు కాగితం దేనికని ఇంట్ల గునుగుతున్నరు. ఇది వాళ్ల పద్ధతేనా, మామీద నమ్మకం లేకనా? రాస్తే గడువు "మిర్చి అమ్మినంక" అని పెడితే సాలదా? ఇంకోటి, ఊరికే తీసుకున్నట్టు ఉండొద్దని ఏడాది బియ్యం, బక్రీద్‌కు ఓ మేకపోతు ఇద్దామనుకుంటున్నం. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

మండీబజార్_చదువరి:
పద్ధతే అన్నా. ఖుర్ఆన్ మొత్తంలో అన్నిటికంటే పొడవైన ఆయత్ (వాక్యం) సూరె బఖరా అనే అధ్యాయంలో 282వది. అదంతా అప్పు కాగితం గురించే. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోండి, బాకీ చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకండి అని ఉంది. రాయడం తప్పనిసరి ఫర్జ్ అని కొద్దిమంది పండితులే అన్నారు. ఎక్కువమంది ముస్తహబ్ అంటారు, అంటే చేస్తే మంచిది. తర్వాతి ఆయత్‌లోనే, ఒకరినొకరు నమ్మి ఇచ్చుకుంటే నమ్మకం పెట్టుకున్నవాడి సొత్తు తిరిగి ఇచ్చేయాలి అనే మాట ఉంది కాబట్టి. మీ పక్కింటాయన మంచిదన్న పనే చేస్తున్నాడు.

ఆ ఆయత్‌లో మీకు పనికొచ్చే మాట ఇంకొకటుంది, చాలామంది దాన్ని దాటేస్తారు. కాగితంలో ఏం రాయాలో చెప్పాల్సింది అప్పు తీసుకునేవాడు, ఇచ్చేవాడు కాదు. బాకీని మోసేవాడు తన నోటితో ఒప్పుకుంటే, ఇచ్చినవాడు ఒక సున్నా ఎక్కువ రాయించే సందు ఉండదు. అప్పు తీసుకునేవాడు చెప్పలేని స్థితిలో ఉంటే ఆయన తరఫు మనిషి చెప్పాలి. కాబట్టి ఆయన రాసుకొచ్చిన కాగితం మీద సంతకం గీకి రాకండి. మీరు చెప్పండి, ఇంకెవరైనా రాయనివ్వండి. సాక్షులు ఇద్దరు మగవాళ్లు, లేదంటే ఒక మగమనిషి, ఇద్దరు ఆడవాళ్లు. ఆ సాక్షుల్ని గానీ, రాసినవాణ్ణి గానీ తర్వాత ఇబ్బంది పెట్టొద్దని కూడా అందులోనే ఉంది.

వేరే మతం వాళ్లతో ఇట్లాంటి లావాదేవీకి అడ్డేం లేదు. ప్రవక్త (స) కన్నుమూసేనాటికి ఆయన కవచం ఒక యూదుడి దగ్గర 30 'సా' (ఒక కొలత) యవల కోసం కుదువలో ఉంది.

బియ్యం, మేకపోతు మాత్రం వద్దు. అప్పు మీద ముందే ఒప్పుకున్న ఏ లాభమైనా, నగదైనా సరుకైనా సేవైనా, రిబా (ఇస్లాంలో నిషేధించిన మిత్తి) కిందికే వస్తుంది. ఒప్పుకోకపోయినా, బాకీ ఉన్న రోజుల్లో వచ్చే కానుక ఆ వాసనే కొడుతుంది. నీకు బాకీ ఉన్నవాడు ఒక మోపు గడ్డి, యవలు, పశువుల మేత కానుకగా ఇచ్చినా తీసుకోవద్దు, అది రిబా అని ప్రవక్త సహచరుడు అబ్దుల్లా ఇబ్న్ సలామ్ (రజి) చెప్పిన మాట బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. గడ్డి మోపుకే అట్లుంటే ఏడాది బియ్యం సంగతి మీరే ఆలోచించండి. అయితే సద్దుల బతుకమ్మకు మీరు మలీద పంపడం, రంజాన్‌కు వాళ్లింటి నుంచి షీర్ ఖుర్మా రావడం అప్పుకు ముందు నుంచే ఉంటే, అది ఆపక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టడం, ఉన్నదాన్ని పెంచడం, ఈ రెండే ఇబ్బంది.

మీ మనసు ఊరుకోకపోతే తీర్చే రోజున చూడండి. ప్రవక్త (స) ఒక పడుచు ఒంటెను బదులు తీసుకుని, తీర్చేటప్పుడు అంతకంటే మంచిదే దొరికితే దాన్నే ఇప్పించారు. బాగా తీర్చేవాడే మీలో మంచివాడు అన్నారు. షరతు లేకుండా, ఆశ చూపించకుండా, తీర్చేటప్పుడు తీర్చేవాడు తన ఇష్టంతో ఇచ్చేది వేరు. ఇప్పుడే "తర్వాత చూసుకుంట భాయ్" అని నోరు జారితే అదే షరతు అయి కూర్చుంటుంది.

హన్మకొండ_దస్తావేజు:
దీన్ (మతం) సంగతి పైన భాయ్ చెప్పిండు. నేను కాగితం సంగతి చెప్త. బజార్ల దొరికే ప్రాంసరీ నోటు ఫారంల మిత్తికి ఖాళీ ఉంటది. మిత్తి లేదు గదా అని ఆ ఖాళీని అట్లనే వదిలేస్తరు. పెద్ద తప్పు. నోటు మీద మిత్తి ఎంతో రాయకుంటే కోర్టుకు పోయినప్పుడు ఏడాదికి 18 శాతం లెక్క కట్టొచ్చని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలనే ఉంది. పైగా ఖాళీ ఉంటే తర్వాత ఎవరైనా నింపొచ్చు. అందుకని ఖాళీ మీద గీత కొట్టి, "దీనిపై ఎటువంటి మిత్తి లేదు" అని సాఫ్ రాయుండ్రి. ఇది ఇద్దరికీ మంచిది, ముఖ్యంగ ఆయనకు.

గడువు తేదీ ఆ నోటుల రాయకుండ్రి. "మీరు కోరినప్పుడు" ఇస్త అని ఉన్న నోటుకు 1 రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించి దాని మీదికెళ్లి సంతకం పెడితే సరిపోతది. అందుల ఫలానా తేదీకి అని రాస్తే స్టాంపు లెక్క మారుతది. స్టాంపు తక్కువున్న ప్రాంసరీ నోటును కోర్టుల సాక్ష్యంగ తీసుకోరు, తర్వాత జుర్మానా కట్టి సరిచేసుకునే వీలు కూడా లేదు. సాక్షులు సంతకం పెడుతున్నరు గనుక "మీకు గానీ మీ ఆర్డరు పొందినవారికి గానీ" అన్న మాటను కొట్టేయొద్దు. కొడితే అది బాండు అయితది, స్టాంపు పెరుగుతది. గడువు, చేతికి ఎట్ల ఇచ్చిండు అన్న వివరాలు వేరే కాగితంల పెట్టుకోండ్రి.

కోర్టుకు పోయేటందుకు గడువు నోటు తేదీ నుంచి 3 ఏండ్లు. ఈలోపు కొంత కడితే నోటు వెనక తేదీతో చెల్లు రాసి, కట్టినాయనే సంతకం పెట్టాలె. అప్పుడు మళ్ల 3 ఏండ్లు మొదలైతయి. చెల్లు రాయకుంటే కట్టినట్టు రుజువూ లేదు, గడువూ పెరగదు.

20 వేలు, ఆపైన అప్పు నగదుగ తీసుకుంటే ఆదాయపన్ను తకరారు. ఇద్దరిదీ వ్యవసాయ ఆదాయమే అయి, ఎవరికీ పన్ను పడకుంటేనే మినహాయింపు. బ్యాంకు నుంచి బ్యాంకుకు వేయించుకుంటే తిప్పలే లేదు.

మండీబజార్_చదువరి:
దస్తావేజు అన్న మాటకు ఒక తోక. హనఫీ ఫిఖహ్ (ఇస్లాం ధర్మశాస్త్రంలో ఒక శాఖ) ప్రకారం చేబదులుకు పెట్టిన గడువు ఇచ్చినవాణ్ణి కట్టిపడేయదు, ఎప్పుడైనా అడగొచ్చు. మాట ఇచ్చాడు కాబట్టి నిలబెట్టుకోవడం మర్యాద, అంతే. ఇంకో శాఖ వాళ్లు మాలికీలు గడువు కట్టుబాటే అంటారు. మన దగ్గర ఎక్కువమంది హనఫీలే. అందుకని "కోరినప్పుడు" అన్న నోటు, పక్కన గడువు కాగితం, రెండూ వాళ్ల పద్ధతికి సరిగ్గా కుదురుతాయి.

"మిర్చి అమ్మినంక" మాత్రం వద్దేవద్దు. ధర పడితే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆర్నెల్లు ఆగుతారు. అప్పుడు అమ్మినట్టా, కానట్టా? సగం అమ్మితే? క్యాలెండరు తేదీ వేయండి, రెండు విడతలైతే రెండు తేదీలు. పంట నిజంగా పోతే, బాకీ పడ్డవాడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు వచ్చేదాకా ఆగాలని, వదిలేస్తే ఇంకా మంచిదని 280వ ఆయత్‌లో ఉంది. కానీ స్టోరేజీలో 40 బస్తాలు ఉంచుకుని "ఇప్పుడు లేవు భాయ్" అంటే అది తంగీ (ఇబ్బంది) కాదు. ఇవ్వగలిగినవాడు వాయిదా వేయడం జుల్మ్ (అన్యాయం) అని హదీసు (ప్రవక్త మాట). ఆలస్యమైతే జరిమానా అని రాసి అది ఆయన తీసుకుంటానన్నా చెల్లదు, అదీ రిబానే.

పర్కాల_మిర్చి:
మస్తు సాఫ్ చెప్పిండ్రు. వాళ్ల తమ్ముడు ఒకమాట అంటున్నడు. రూపాయి విలువ పడిపోతది, 2 లక్షలకు ఇయ్యాల ఎన్ని గ్రాముల బంగారం వస్తదో గంత బంగారం బాకీ అని రాద్దామంటడు. ఇంకోటి, మా చెల్కకు కాపు పట్టిన మామిడి తోట ఉంది. బాకీ తీరేదాంక అది వాళ్లకు కుదువ పెట్టి కాయ వాళ్లనే తెంపుకొమ్మంటే?

మండీబజార్_చదువరి:
రెండూ కుదరవు. రూపాయలు ఇచ్చి బంగారం బాకీ రాసుకుంటే, రేటు పెరిగినప్పుడు వచ్చే తేడా ఇచ్చినదానికి మించిన లాభమే. ఇచ్చింది రూపాయలైతే వచ్చేదీ అన్నే రూపాయలు. నిజంగా బంగారమే తూచి చేతికిస్తే అప్పుడు బంగారమే బాకీ, రేటు పెరిగినా తగ్గినా అంతే తూకం. ఆ పని చేస్తే తులాల్లో రాయకండి. పాత తులం 11.66 గ్రాములు, మన బజార్లో తులమంటే 10 గ్రాములే. గ్రాములు, 22 క్యారెట్లా 24 క్యారెట్లా, నగ అయితే రాళ్లు తీసేసిన తూకం రాయాలి. మజూరీ, తరుగు తిరిగి రావు. తీర్చే రోజున ఇద్దరూ ఒప్పుకుంటే ఆ రోజు రేటుతో రూపాయల్లో తీర్చొచ్చు, అక్కడికక్కడే మొత్తం తెగిపోవాలి.

కుదువ పెట్టడం జాయిజే (చెల్లుతుంది), 283వ ఆయత్‌లోనే ఉంది. కాయ తెంపుకోవడమే రిబా. కుదువ సొత్తు మీదే, దాని కాయా మీదే. పట్నంలో పెద్ద మొత్తం ఇచ్చి, పైసలు తిరిగొచ్చేదాకా కిరాయి లేకుండా ఇంట్లో ఉండే రహన్ పద్ధతి కూడా ఇదే గాటన కట్టాలి, ఎంతమంది చేస్తున్నా సరే.

ఏనుమాముల_కాంటా:
అడ్తిదారు దగ్గర అడ్వాన్సు తీసుకుని పంట ఆయనకే తేవాలె అనేది గూడ గిదే కదా భాయ్?

మండీబజార్_చదువరి:
అప్పు ఇచ్చి "నా అడ్తికే తే" అని షరతు పెడితే అవును, కమీషన్ దాని లాభం. సలమ్ (ముందే పైసలిచ్చి పంట తర్వాత తీసుకునే బేరం) వేరు. అందులో అప్పు లేదు, కొనుగోలే. ధర మొత్తం ముందే చేతిలో పెట్టాలి, ఎన్ని క్వింటాళ్లు, ఏ రకం, ఏ తేదీ, ఎక్కడ అప్పజెప్పాలి, అన్నీ ఖరారు కావాలి. "నీ చేను మీద పండింది" అని కట్టేస్తే చెల్లదు. తేజ రకం మిర్చి 10 క్వింటాళ్లు అంటే ఏ చేనుదైనా తేజే.

జనగామ_ఫరాయిజ్:
ఎవరూ అనలేదు గనుక చెప్తున్నా. మధ్యలో ఇచ్చినాయన పోతే బాకీ మాఫ్ కాదు, వారసులది అవుతుంది. పెద్దకొడుకు "వదిలేయండి అన్నా" అన్నంత మాత్రాన మీకు తెగదు, అతని వాటా వరకే. భార్యవి, కూతుళ్లవి, తల్లి ఉంటే ఆమెవి వాటాలు అట్లాగే ఉంటాయి. మైనరు పిల్లల వాటాను ఎవరూ వదలలేరు. మీ వైపు ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్లకు నోటు సంగతి తెలిసి ఉండాలి. ముస్లింలలో ఎవరైనా చనిపోతే, అంత్యక్రియల ఖర్చులు పోను ముందు తీర్చేది బాకీలే, తర్వాతే వసీయత్ (వీలునామా), ఆ తర్వాత వాటాలు. జనాజా నమాజుకు ముందు "మర్హూమ్ (చనిపోయినాయన) ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి" అని అడిగేది అందుకే. భార్యకు ఇవ్వని మెహర్ (పెళ్లిలో భర్త ఇస్తానన్న సొమ్ము) కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

ఆయన జకాత్ (ముస్లింలు తప్పనిసరిగా ఇచ్చే దానం) లెక్క మీకు అక్కర్లేదు గానీ, "మీకిచ్చింది నా జకాత్‌లో కోసుకుంటా, తిరిగి ఇవ్వొద్దులే" అంటే ఒప్పుకోకండి. హనఫీల దగ్గర బాకీ వదిలేస్తే జకాత్ తీరదు, పైగా జకాత్ ఇవ్వాల్సింది ముస్లిం పేదవాడికే.

హన్మకొండ_దస్తావేజు:
ఆఖరి విడత కట్టిన రోజు అసలు నోటు వెనక "మొత్తం ముట్టినది" అని ఆయనతోటి రాయించి, తేదీ వేయించి, సంతకం మీదికెళ్లి గీత కొట్టించి నోటు మీ చేతికి తీసుకోండ్రి. సగంమంది పైసలు ఇచ్చి, చాయ్ తాగి, నోటు అక్కడే మర్చిపోయి వస్తరు.