పూర్ణ సంఖ్యలే కావాలనగానే లెక్క ఎందుకు మొండికేస్తుంది?

ప్రశ్న:
ఒక లెక్క రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ఒక సంఖ్య వర్గంలోంచి ఇంకో సంఖ్య వర్గానికి 60 రెట్లు తీసేస్తే 1 మిగలాలి, సున్నా వాడకూడదు. చిన్న ప్రోగ్రామ్ రాస్తే వెంటనే 31, 4 అని వచ్చింది. 60 బదులు 62 పెడితే 63, 8. మధ్యలో ఉన్న 61కి మాత్రం రెండో సంఖ్యను కోటి దాకా వెతికించినా ఏమీ రాలేదు. దశాంశాలు ఒప్పుకుంటే వర్గమూలం తీస్తే అయిపోతుంది కదా. పూర్ణ సంఖ్యలు అనగానే ఎందుకిలా?

జవాబు 1:
కోటి చాలదండీ. 61కి అతి చిన్న జవాబులో మొదటి సంఖ్య 1,76,63,19,049, రెండోది 22,61,53,980. దీన్ని 1150లోనే భాస్కరాచార్యులు చక్రవాల పద్ధతితో (ఒకే రకం అడుగును మళ్లీ మళ్లీ వేస్తూ జవాబుకు చేరే పద్ధతి), చేత్తో సాధించారు. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

జవాబు 2:
దశాంశాలైతే కాస్త ఎక్కువైనప్పుడు కాస్త తగ్గించుకుంటూ జవాబు దగ్గరికి జరగొచ్చు. పూర్ణ సంఖ్యల్లో జరగడానికి చోటు లేదు. 29,718, 3,805 తీసుకోండి. మొదటిదాని వర్గం 88,31,59,524. రెండోదాని వర్గానికి 61 రెట్లు 88,31,59,525. తీసేస్తే మైనస్ 1! ఇంత దగ్గరికొచ్చినా అది జవాబు కాదు, ఏ సంఖ్యనూ పిసరంత కదపలేం. కానీ పారేయకండి. ఆ రెండు పెద్ద సంఖ్యలనూ కూడి చూడండి.

జవాబు 3:
ఒక్కో లెక్కకు ఒక్కో ఉపాయం కావాలి, అసలు కష్టం అదే. పూర్ణ సంఖ్యల సమీకరణం ఏదిచ్చినా జవాబు ఉందో లేదో తేల్చే పద్ధతి కావాలని 1900లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ అడిగారు. అలాంటిది ఉండదని 1970లో రష్యన్ గణితవేత్త మతియాసెవిచ్ నిరూపించారు, డేవిస్, పుట్నం, జూలియా రాబిన్సన్ అనే గణితవేత్తలు వేసిన పునాది మీద. వాస్తవ సంఖ్యలకైతే, అంటే మీరన్న దశాంశాలూ ఒప్పుకుంటే, అలాంటి పద్ధతి ఉందని టార్‌స్కీ అనే గణితవేత్త చూపించారు. ఒక్కో లెక్క ఎంత మొండిదో చూడండి: మూడు పూర్ణ సంఖ్యల ఘనాల మొత్తంగా 42 రాయడం 2019లో గానీ కుదరలేదు. బుకర్, సదర్లాండ్ కనుక్కున్న ఆ మూడూ 17 అంకెల సంఖ్యలు, ఒకటి రుణ సంఖ్య.

ప్రశ్న అడిగినవారు:
కూడాను. సరిగ్గా 1,76,63,19,049! 29,718ని 3,805తో గుణించి రెట్టింపు చేస్తే 22,61,53,980 కూడా వచ్చేసింది. కాగితం మీద రెండుసార్లు సరిచూసుకున్నాను. ఇలా ఎందుకు వస్తుందో ఎవరూ చెప్పకండి, ఈ రాత్రి నేనే కూర్చుంటాను.