తిరుపతిలో ఇంటికి 11 నెలలు తాళం: మెయిన్ దించేసి పోవాలా, నడుస్తా ఉండేలా పెట్టాలా?

అవిలాల_కువైట్

అందరికీ నమస్కారం సామీ. అవిలాల వైపు సొంతిల్లు. మున్సిపల్ కొళాయి, బోరు రెండూ ఉండాయి. 5,000 లీటర్ల సంపు, మిద్దెపైన 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, గాజు గొట్టాల సోలార్ హీటరు, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) ట్యూబులర్ బ్యాటరీతో ఇన్వర్టరు. జనవరి చివర్లో తాళం వేస్తే మళ్లీ తీసేది డిసెంబరులోనే. ఎలక్ట్రీషియన్ "మెయిన్ దించేసి, నీళ్లన్నీ వదిలేసి పోండి" అంటా ఉండాడు. ప్లంబరు "ఎండబెడితే ఇల్లు పాడు, నీళ్లు ఉండనీండి" అంటా ఉండాడు. ఎవరి మాట వినాల? కారణంతో చెప్పండి, ఊరికే అవును, కాదు అంటే చాలదు.

న్యూజెర్సీ_భవానీనగర్

మీ ఎలక్ట్రీషియన్ మాటే వినండి. మనిషి లేని ఇంట్లో చిన్న లీకు కూడా పెద్ద నష్టమే. సింకు కింద, ఫ్లష్ ట్యాంకు పక్కన ఉండే అల్లిక స్టీలు కనెక్షన్ పైపులు చూడండి. పైన మెరుస్తుంటాయి గానీ లోపల రబ్బరు గొట్టమే. తిరుపతి ఎండకు, బోరు నీళ్ల ఉప్పుకు అది పెళుసుబారి నట్టు దగ్గర చీలుతుంది. ఇంట్లో మనిషి ఉంటే 5 నిమిషాల్లో యాంగిల్ కాక్ (గోడ దగ్గరుండే చిన్న కొళాయి) కట్టేస్తాడు. లేకుంటే మిద్దె ట్యాంకులో ఉన్న నీళ్లన్నీ గదిలోకే వస్తాయి. ఉడెన్ కప్‌బోర్డులు అడుగు నుంచి ఉబ్బిపోతాయి, ఆ తడికి చెదలు చేరతాయి.

కరెంటు సంగతీ అంతే. గాలివానలో న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) తెగితే సింగిల్ ఫేజ్ ఇంటికి 230కి బదులు 300, 400 వోల్టులు రావచ్చు. ప్లగ్గులో ఉన్నదల్లా కాలిపోతుంది. అందుకే మెయిన్ దించడం, గేట్ వాల్వ్ (ట్యాంకు నుంచి ఇంట్లోకి నీళ్లు ఆపేది) కట్టడం, ఫ్రిజ్ ఖాళీ చేసి తుడిచి తలుపు సందు పెట్టడం, గ్యాస్ రెగ్యులేటర్ తీసి సిలిండరుకు సేఫ్టీ క్యాప్ బిగించడం. ఇవి చేస్తే చాలు.

పైపులైన్_ఎమ్మార్‌పల్లి

కనెక్షన్ పైపుల గురించి చెప్పింది నిజం. ఐదేళ్లు దాటినవాటిని బయలుదేరే ముందే మార్చేయండి. కానీ "నీళ్లన్నీ వదిలేయండి" అనే మాటతో నేను ఒప్పుకోను. నీళ్లు వదిలేస్తే ఏమేం పోతాయో వరసగా చెప్తా.

ముందు సోలార్ హీటరు, దీన్నే అందరూ మర్చిపోతారు. గాజు గొట్టాల్లో నీళ్లు లేకుండా ఎండ తగిలితే లోపల వేడి 200 డిగ్రీలు దాటుతుంది. గొట్టం ట్యాంకులోకి దూరే చోట ఉండే సిలికాన్ రింగులు గట్టిపడి చీలతాయి. ఆపైన ఎవరో వచ్చి పట్టపగలు వాల్వ్ తిప్పితే, కాలుతున్న గాజు మీద చల్లనీళ్లు పడి గొట్టాలు టపటపా పగులుతాయి. ఇంకొక మెలిక ఉంది: హీటరు నిండుగా ఉంచి, దాని లైను వాల్వ్ మాత్రం కట్టేసినా ఇదే గతి. వాడకం లేక నీళ్లు మరిగి ఆవిరై గాలి పైపు గుండా పోతాయి. పోయినదానికి బదులు కొత్త నీళ్లు రావు, మే నెలకల్లా ట్యాంకు మట్టం పడిపోతుంది. అందుకే గొట్టాల మీద మందంపాటి టార్పాలిన్ కప్పి, నైలాన్ తాడుతో స్టాండుకు కట్టండి. గాలి పైపు మాత్రం ఎప్పుడూ మూయకూడదు.

రెండోది బాత్రూం జాలీలు. జాలీ కింద ఉండే ఫ్లోర్ ట్రాప్‌లో, కమోడ్‌లో రెండంగుళాల నీటి అడ్డు ఉంటుంది. డ్రైనేజీ వాసననూ బొద్దింకలనూ ఆపేది అదే. మన ఎండలకు వారాల్లోనే అది ఆరిపోతుంది. తరువాత ఇల్లంతా మురుగు వాసన, వంటగది అరల్లో బొద్దింకల కాపురం.

మూడోది ప్లాస్టిక్ ట్యాంకు. ఖాళీది ఇరవై ముప్పై కిలోలకు మించదు. తుపాను గాలికి అది దొర్లితే కింద ఉన్న పైపు కనెక్షన్ విరుగుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది గదా, అలాంటి గాలికి ఖాళీ ట్యాంకు నిలబడుతుందన్న నమ్మకం నాకు లేదు. మూడో వంతు నీళ్లయినా ఉండాలి. సంపు ఇటుక గోడలదైతే నింపే ఉంచండి. అక్టోబరు, నవంబరు వానలకు బయటి మట్టి నానితే, లోపల నీళ్ల బరువు లేని గోడను అది లోపలికి నెడుతుంది.

న్యూజెర్సీ_భవానీనగర్

ట్రాప్‌కు నెల నెలా మనిషి అక్కర్లేదు గదా? ఒక లీటరు నీళ్లు పోసి పైన నూనె పోస్తే ఆరదు. జాలీ మీద పాలిథీన్ షీటు వేసి టేపు అంటిస్తే సరి. ఇక నీళ్లు నిల్వ ఉంచమంటున్నారు, దోమల మాటేంటి? డెంగీ దోమ గుడ్డు పెట్టేది మంచినీళ్లలోనే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. మీరు 11 నెలలు సంపు నింపమంటున్నారు. మీకు పోయేదేమీ లేదు, పక్కింటి పిల్లలకు జ్వరం.

పైపులైన్_ఎమ్మార్‌పల్లి

దోమల గురించి అడగాల్సిందే, కోపం లేదు. దోమ వచ్చేది మూత సందులోంచి, ఓవర్‌ఫ్లో పైపులోంచి. ఓవర్‌ఫ్లో చివర సన్నని నైలాన్ మెష్ చుట్టి క్లిప్పు బిగించాలి, సంపు మూత అంచుకు రబ్బరు పట్టీ వేయాలి. కొండకింది కాలనీల్లో అయితే కోతులు ట్యాంకు మూత ఎత్తి పారేస్తాయి, అక్కడ మూతను వైరుతో కట్టక తప్పదు. కమోడ్, ఫ్లష్ ట్యాంకు కూడా దోమల చోట్లే. ఫ్లష్ ట్యాంకు ఖాళీ చేయండి, కమోడ్ నోటికి ప్లాస్టిక్ రేకు బిగించి మూత దించండి.

నూనె పద్ధతి పనిచేస్తుంది, కాదనను. కానీ కొబ్బరినూనె, వేరుశనగనూనె పోయవద్దు. చీమలు, బొద్దింకలు దానికే వస్తాయి. మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ అడగండి, ఒక్కో ట్రాప్‌కు 50 మిల్లీలీటర్లు చాలు. అప్పుడు కూడా మూణ్ణాలుగు నెలలకు ఒకసారి చూడాలి. 11 నెలలు నిలుస్తుందని నేను హామీ ఇవ్వను.

స్టార్టర్_రేణిగుంట

కరెంటు వైపు నుంచి ఒక మాట. మెయిన్ దించేసి పోయేవాళ్లు చేసే పెద్ద తప్పు ఇన్వర్టరును ఆన్‌లోనే వదిలేయడం. మెయిన్ దించితే ఇన్వర్టరుకు అది కరెంటు కోతే. ఒక్క బల్బూ వెలగకపోయినా ఊరికే ఆన్‌లో ఉండడానికే అది బ్యాటరీ నుంచి ఆంపియరు అటూఇటూ తాగుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ వారంలోపు అడుగంటుతుంది. అట్ల అడుగంటి నెలల తరబడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, మళ్లీ ఛార్జి ఎక్కదు.

సరే, వైర్లు తీసి పక్కన పెడితే? నిండా ఛార్జి చేసి, నెగటివ్ వైరు విప్పి పెట్టినా బ్యాటరీ తనంతట తానే దిగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ దిగుడు ఇంచుమించు రెట్టింపు. మూసిన గదిలో ఏప్రిల్, మే నెలల్లో ఎట్లుంటదో మీకు తెలుసు. నిండు బ్యాటరీ తీరికగా ఉన్నప్పుడు 12.7 వోల్టులు చూపిస్తుంది, 12.4కు దిగితే ఛార్జి పెట్టాల్సిందే. అంటే రెండు మూడు నెలలకు ఒకసారి ఎవరో ఒకరు రావాలి. పోనీ ఎప్పుడూ ఛార్జింగులో ఉంచితే ఎండాకాలం డిస్టిల్డ్ వాటరు తగ్గిపోతుంది. బ్యాటరీ పైన నీటి మట్టం చూపే ఫ్లోటు ఎర్ర గీత దాటి దిగితే ప్లేట్లు బయటపడి దెబ్బతింటాయి. ఏ పక్క చూసినా మనిషి రాకుండా 11 నెలలు నిలిచే బ్యాటరీ లేదు. ఎవరూ రాలేని ఇంట్లో అయితే దాన్ని చుట్టాలింటికి ఇచ్చి వాడుకోమనడం మేలు.

నా లెక్కలో మెయిన్ మొత్తం దించాల్సిన పని లేదు. డీబీలో (ఇంటి స్విచ్ బోర్డు పెట్టెలో) లైన్లు వేరు చేయించండి. మోటారు ఒకటి, సీసీ కెమెరా, రూటరు కలిపి ఒకటి, వరండా లైటు ఒకటి. ఈ మూడు ఎంసీబీలు (ఒక్కో లైనుకు ఉండే స్విచ్‌లు) తప్ప మిగతావన్నీ దించి, ఏసీ, గీజరు, టీవీ ప్లగ్గులు పీకేయండి. న్యూట్రల్ తెగే భయానికి మీటరు తరువాత ఓవర్ వోల్టేజి ప్రొటెక్టరు పెట్టించండి. వోల్టేజి హద్దు దాటితే అదే కట్ చేసి, సరైన తరువాత అదే కలుపుతుంది.

అద్దె_కొర్లగుంట

ఇంత గొడవ దేనికి? ఒక చిన్న కుటుంబానికి అద్దెకు ఇవ్వండి. మనిషి తిరిగే ఇంటికి చెదలు పట్టదు, మోటారు జాం కాదు, జాలీలు ఎండవు. కింద అద్దెకిచ్చి పైగది మీరు ఉంచుకోవచ్చు.

న్యూజెర్సీ_భవానీనగర్

ఇవ్వొచ్చు, కానీ ఎన్నారై ఇంటి అద్దెకు లెక్క వేరు. ఓనరు ఎన్నారై అయితే అద్దెకున్న మనిషే 31.2 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయ పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అద్దె ఎంత చిన్నదైనా ఇదే, ఇక్కడి ఓనర్లకున్న మినహాయింపు హద్దు వీళ్లకు లేదు. అందుకు అద్దెకున్న మనిషి టాన్ నంబరు (పన్ను కోసేవాళ్లకిచ్చే నంబరు) తీసుకోవాలి. ఇది ముందే చెప్పకపోతే నోటీసు వచ్చేది ఆయనకు. అద్దె పడాల్సింది ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్నారైలు ఇక్కడి ఆదాయానికి పెట్టుకునే బ్యాంకు ఖాతా). ఇవన్నీ ఒప్పుకుని అగ్రిమెంటు రాసుకునే మనిషి దొరికితే నాకూ అభ్యంతరం లేదు.

కపిలతీర్థం_రోడ్డు

మీరంతా లోపలే చూస్తున్నారు, నాకు మిద్దె భయం. అవిలాల ఇల్లు సరిగ్గా ఈశాన్య రుతుపవనాల వానకాలమంతా మూసి ఉంటుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వాన అందరికీ గుర్తుంది గదా. మిద్దె తూముకు ఒక పాలిథీన్ కవరో, ఎండిన వేపాకో అడ్డం పడితే చాలు, పిట్టగోడల మధ్య చెరువు నిలుస్తుంది. ఆ నీళ్లు శ్లాబులోకి దిగి, ఇనుము తుప్పు పట్టి, పెచ్చులూడతాయి. సెప్టెంబరు ఆఖర్లో ఒకసారి మిద్దె ఊడ్చి, ప్రతి తూములో బకెట్టు నీళ్లు పోసి కిందికి దిగుతున్నాయో లేదో చూడాలి. తూముకు చదునైన జాలీ బదులు గోపురంలా ఉబ్బిన జాలీ పెట్టండి, ఆకులు చుట్టూ చేరినా నీళ్లు పైనుంచి దిగుతాయి.

కిటికీలు మొత్తం బిగించకండి. వెంటిలేటర్లకు మెష్ వేసి తెరిచే ఉంచండి, బీరువాల తలుపులు ఓరగా పెట్టండి. గాలి ఆడని గదిలో నవంబరుకల్లా బట్టలకు బూజు.

అవిలాల_కువైట్

మదనపల్లె నుంచి మా బామ్మర్ది నెలకొకసారి రాగలడు, అంతకు మించి అడగలేను. వచ్చినోడు సరిగ్గా ఏం చేయాల? అతనికి కాగితం మీద రాసిస్తా.

పైపులైన్_ఎమ్మార్‌పల్లి

అయితే మీ సమస్య సగం తీరింది. పొద్దున 8 లోపు రమ్మనండి. మొదట మోటారు, 10 నిమిషాలు. బోరు మోటారు నెలల తరబడి తిరగకపోతే ఉప్పు బుష్‌ల మధ్య పేరుకుని షాఫ్టు పట్టేస్తుంది. ఆన్ చేస్తే "ఊం" అని మూలిగి స్టార్టరు ట్రిప్ అవుతుంది. అట్లయితే మళ్లీ మళ్లీ నొక్కొద్దని చెప్పండి, వైండింగు కాలుతుంది. మెకానిక్ వైర్లు మార్చి ఒక క్షణం రివర్సులో తిప్పి విడిపిస్తాడు.

తరువాత ట్యాంకు గేట్ వాల్వ్ తెరిచి ప్రతి కొళాయీ ఒక నిమిషం, ప్రతి కమోడూ ఒకసారి ఫ్లష్, ప్రతి జాలీలో ఒక లీటరు నీళ్లు, పైన పారాఫిన్. ఆ సమయంలోనే సింకుల కింద చేత్తో తడిమి చూడాలి. సోలార్ లైను వాల్వ్ కూడా అప్పుడే తెరిచి, ట్యాంకు నిండాక కట్టేయాలి. టార్పాలిన్ తీయొద్దు. పోయేటప్పుడు గేట్ వాల్వ్ కట్టి, వంటగది కొళాయి తెరిచి పైపుల్లో మిగిలింది వదిలేసి మళ్లీ బిగించాలి. అంటే ట్యాంకులో నీళ్లుంటాయి, ఇంటి పైపుల్లో ఒత్తిడి ఉండదు. న్యూజెర్సీ సార్ భయపడే లీకు ఇక ఇంట్లోకి రాదు.

న్యూజెర్సీ_భవానీనగర్

ట్యాంకులో నీళ్లు, పైపుల్లో ఒత్తిడి లేకుండా అంటే నాకు సమ్మతమే. కానీ ఒక షరతు: ఆ మనిషి నెల తప్పకూడదు. రెండు నెలలు రాలేనని తెలిసిన రోజే పాత పద్ధతికి పోవాలి. మోటారు ఎంసీబీ దించి, ఇన్వర్టరు ఆపి బ్యాటరీ వైరు విప్పి, జాలీలు టేపుతో మూయించండి.

ఇంకోటి, ఆస్తి పన్ను ఏడాదిదంతా ఏప్రిల్ 30 లోపు ఆన్‌లైన్లో కడితే 5 శాతం తగ్గింపు వస్తుంది. కరెంటు బిల్లు వాడకం లేకపోయినా వస్తుంది, సర్వీసు నంబరు ఫోన్లో పెట్టుకుని అక్కడినుంచే కట్టేయండి. బిల్లు ఆగి కనెక్షన్ తీసేస్తే కెమెరా, మోటారు రెండూ పోతాయి.

స్టార్టర్_రేణిగుంట

కాగితంలో ఇన్వర్టరుకు రెండు లైన్లు చేర్చండి. ముందుండే స్విచ్ ఎప్పుడూ ఆఫ్‌లోనే. చాలా ఇన్వర్టర్లు స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మెయిన్ కరెంటుతో బ్యాటరీకి ఛార్జి ఎక్కిస్తాయి, మీది ఎక్కిస్తదో లేదో పోయే ముందే మీటరు పెట్టి చూడండి. ఎక్కిస్తే ఇన్వర్టరు ఎంసీబీ కూడా ఆన్‌లో వదిలి, మార్చి నుంచి జూన్ దాకా నెల నెలా ఫ్లోటు చూసి డిస్టిల్డ్ వాటరు ఆకుపచ్చ గీత వరకే పోయమనండి. ఎక్కించకుంటే నెలకొకసారి వచ్చిన మనిషే పొద్దున స్విచ్ వేసి సాయంత్రం దాకా ఛార్జి పెట్టి, ఆపి పోవాల. యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు, బోరు నీళ్లు అసలే వద్దు.

అవిలాల_కువైట్

రాసుకున్నా సామీ. డిసెంబరులో వచ్చిన రోజు టార్పాలిన్ వెంటనే తీసేయొచ్చా?

పైపులైన్_ఎమ్మార్‌పల్లి

తీయొద్దు. ముందు తెల్లారకముందే వాల్వ్ తెరిచి హీటరు నింపండి, వేడినీళ్ల కొళాయి తిప్పి గాలి పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా చూడండి, మొదటి రెండు బకెట్లు పారబోయండి. ఆ తరువాతే టార్పాలిన్ విప్పండి.