అమ్మ కాలి పుండుకి మాయ పొర వేయించాలా, వద్దా?

శ్రీకాంత్_నల్గొండ: అమ్మకు 64 ఏళ్లు. షుగర్ వచ్చి 18 ఏళ్లు. అరికాల్లో బొటనవేలి కింద పుండు పడి మూడున్నర నెలలైంది, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ చేయిస్తున్నాం. నిన్న డాక్టర్ గారు అమ్నియోటిక్ పొర వేద్దాం, త్వరగా మానుతుంది అన్నారు. కాన్పప్పుడు బయటికొచ్చే మాయ నుంచి తీస్తారట. ఒక్క ముక్కకి చెప్పిన రేటు నా నెల జీతం. నాలుగైదు పట్టొచ్చట. అప్పు చేసైనా వేయిస్తాను, కానీ నిజంగా పనిచేస్తుందా? అమ్మ ఒప్పుకోవట్లేదు. "ఎవరి మాయో నా కాలికి అంటిస్తారా? మనం దాన్ని గొయ్యి తీసి పాతిపెడతాం కదరా" అంటోంది.

పద్మజ_నర్సు: పనిచేస్తుంది బాబూ. నేను 11 ఏళ్లు కాలిన గాయాల వార్డులో చేశాను. అమ్మతో చెప్పండి, వేసేది మాయ మొత్తం కాదు. ఉమ్మనీటి సంచికి లోపలివైపున్న పొర, ఉల్లిపొరలా పల్చగా ఉంటుంది. దానిలో రక్తనాళాలు ఉండవు, వేరేవాళ్లదైనా మన ఒళ్లు దాన్ని అంతగా తిప్పికొట్టదు. పుండు తడి ఆరకుండా కాపాడుతుంది, వాపు తగ్గిస్తుంది, కొత్త చర్మం పాకడానికి పరుపులా ఉంటుంది. ఇది నిన్న మొన్న పుట్టిన వైద్యం కాదు. 1910లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో డేవిస్ అనే డాక్టర్ చర్మం బదులు వేసి చూశారు. పొర వేశాక మంట తగ్గి నిద్రపోయిన పిల్లల్ని నా కళ్లతో చూశాను.

రవి_డల్లాస్: పద్మజ గారూ, కాలిన గాయం వేరు, షుగర్ పుండు వేరు. నేనిక్కడ మెడికల్ బిల్లింగ్‌లో ఉన్నాను. చర్మానికి బదులు వాడే ఇలాంటి ఉత్పత్తులన్నిటికీ కలిపి మెడికేర్ (అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఖర్చు 2024లో 1,000 కోట్ల డాలర్లు దాటింది. చివరికి 2026 జనవరి నుంచి చదరపు సెంటీమీటరుకు సుమారు 127 డాలర్ల ఒకే రేటు పెట్టాల్సి వచ్చింది. ఇక రుజువు సంగతి. ఎపిఫిక్స్ అనే పొర మీద 2013లో వచ్చిన ట్రయల్‌ని అందరూ చూపిస్తారు. అందులో ఉన్నది 25 మందే. ఆరు వారాలకు పొర వేసిన 13 మందిలో 12 మందికి మానింది, మామూలు డ్రెస్సింగ్ చేసిన 12 మందిలో ఒక్కరికే మానింది. డబ్బు పెట్టింది ఆ పొర అమ్మే కంపెనీయే. తమ్ముడూ, దీన్ని నమ్మి అప్పు చేయొద్దు.

పద్మజ_నర్సు: అక్కడ బిల్లులు పెంచి రాస్తే అది పొర తప్పా? మన హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి చూడండి. సున్నం, యాసిడ్ పడి కన్ను పాడైనవాళ్లకి, మంచి కంటి నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి ఈ పొర మీదే అతికిస్తారు. ఆ పద్ధతిని 2012లో వాళ్లే ప్రపంచానికి చెప్పారు. ముంబైలో టాటా మెమోరియల్ టిష్యూ బ్యాంకు 1988లోనే మొదలైంది, అక్కడ పొరను గామా కిరణాలతో శుద్ధి చేసి ఇస్తారు. ఇది డబ్బున్నవాళ్ల మందు కానక్కర్లేదు.

డా_అరికాలు: నేను రోజూ ఈ పుళ్లే చూస్తాను. శ్రీకాంత్ గారూ, పొర సంగతి పక్కనపెట్టి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి. కాలికి రక్తం సరిగా వెళ్తోందో లేదో డాప్లర్ చేశారా? ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందేమో ఎక్స్‌రే తీశారా? పుండు మీద బరువు పడకుండా కట్టు గానీ ప్రత్యేక చెప్పులు గానీ ఇచ్చారా? బొటనవేలి కింద పుండు పెట్టుకుని ఆవిడ వంటింట్లో నడుస్తుంటే ఏ పొరా నిలవదు, ప్రతి అడుగుకీ నలిగిపోతుంది. చచ్చిన కండ తీసి, బరువు తప్పించి, షుగర్ అదుపులో పెట్టినా నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గకపోతే అప్పుడు పొర గురించి ఆలోచిస్తాం. అప్పుడు మాత్రం నేను వేస్తాను. 2016లో కోక్రేన్ (వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే సంస్థ) వాళ్లు 17 ట్రయల్స్ కలిపి చూసినప్పుడు, మామూలు వైద్యానికి తోడుగా ఇలాంటివి వాడితే మానేవాళ్లు పెరిగారు.

రవి_డల్లాస్: అదే సమీక్షలో ఆ ట్రయల్స్‌లో పక్షపాతానికి చాలా అవకాశం ఉందని కూడా రాశారు డాక్టర్ గారూ.

డా_అరికాలు: రాశారు, ఒప్పుకుంటాను. అందుకే పొరను మొదట కాదు, చివర వాడమంటున్నాను. మీరు అసలే వద్దంటున్నారు. ఆ మాట విని ఒకరి కాలు పోయినా నాకు బాధే.

లత_విజయవాడ: శ్రీకాంత్ గారూ, మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి. నా రెండో సిజేరియన్‌కి ముందు నన్నడిగి, సంతకం తీసుకుని, హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలన్నీ చేశాకే నా మాయ తీసుకున్నారు. ఇష్టపడే ఇచ్చాను. ఎవరి పుండో మానుతుందని ఊరికే ఇచ్చాను. అది నెల జీతం రేటుకి చేరడం చూస్తే కడుపు రగిలిపోతోంది. 2011లో మన అవయవదాన చట్టాన్ని కణజాలాలకూ వర్తించేలా సవరించారు, వాటితో వ్యాపారం నేరం. శుద్ధి చేసిన ఖర్చు తీసుకోండి, కాదనను. ఆ ఖర్చెంతో బిల్లులో విడిగా రాయించుకోండి.

శ్రీకాంత్_నల్గొండ: మూడూ చేయలేదు డాక్టర్ గారూ. అమ్మ ఇప్పటికీ హవాయి చెప్పులతోనే తిరుగుతోంది, ఎవరూ వద్దని చెప్పలేదు. లత గారి మాట చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ పిల్లకి ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగింది. గురువారం డాప్లర్‌కి తీసుకెళ్తున్నాను.

లత_విజయవాడ: ఆడపిల్లండీ. నాలుగేళ్లు నిండాయి.